ఎవరు వేసిన చెట్టు?

కొండ ఎక్కడమంటే మనకి ఒకటే లెక్క. పైన దేవుడుండాలి. తిరుపతి కానివ్వండి, అన్నవరం కానివ్వండి, సింహాచలం కానివ్వండి, మోకాళ్ళు పట్టేసినా నామం చెప్పుకుంటూ ఎక్కేస్తాం. పైన దర్శనం, ప్రసాదం. దిగి వచ్చాక పుణ్యం. అంతేగాని ఊరికే ఎక్కి, ఊరికే చూసి, ఊరికే దిగి రావడం మా ఇంటా వంటా లేదు.

అందుకే మా అబ్బాయి "అమ్మా, శనివారం కొండెక్కుదాం" అన్నప్పుడు, "పైన ఏముందిరా?" అని అడిగాను.

"ఏమీ లేదు. బండ. దాని మీంచి ఊరంతా కనిపిస్తుంది."

ఈ మాటలు జరిగింది బ్రెజిల్ దేశంలో, రియో డి జనీరోలో. వాడికి అక్కడ రెండేళ్ళ ఉద్యోగం పడింది. మావారు విమానం తనకి పడదని తేల్చేశారు. కోడలు రమ్మని ఒకటే పోరు పెడితే నేనొక్కదాన్నీ బయల్దేరి నెల్లాళ్ళుండి వచ్చాను. మనకి ఆషాఢం, వాళ్ళకి చలికాలం. చలికాలమన్నది పేరుకే. మా రాజమండ్రిలో మాఘమాసం ఎలా ఉంటుందో అలా ఉంది. శాలువా పెట్టె అడుగునే ఉండిపోయింది.

ఆ శనివారం పొద్దున్నే ముందు కోర్కొవాడో కొండకి వెళ్ళాం. దాని మీద మాత్రం దేవుడున్నాడు. చేతులు చాపి నిలబడ్డ ఏసుక్రీస్తు విగ్రహం, పీఠం కాక ముప్ఫై మీటర్ల ఎత్తు. 1931లో ప్రతిష్ఠించారు. పైకి పళ్ళచక్రాల రైలు పోతుంది. అది 1884 నాటిది, అంటే విగ్రహం కంటే వయసులో పెద్దది. విగ్రహానికి కావలసిన సామాను ఆ రైలే మోసుకొచ్చిందట.

పైనించి చూస్తే సముద్రం ఊళ్ళోకి వచ్చిందో, ఊరే సముద్రంలోకి నడిచిందో తెలియదు. మేడల మధ్య కొండలు, కొండల మధ్య సరస్సు, నీళ్ళలోంచి లేచిన ఒక బోడి గుట్ట. దాని పేరుకి పంచదార దిమ్మ అని అర్థమట. నాకైతే అచ్చం అనకాపల్లి బెల్లం దిమ్మలా ఉంది.

కానీ చెప్పొద్దూ, నాకు ఆ దృశ్యం కంటే కోడలు చెప్పిన ఒక చిన్న సంగతి ఎక్కువ నచ్చింది. ఆ విగ్రహం పైపొరంతా బలపపు రాయిట. పిల్లలు పలక మీద రాసే బలపం ఉంటుందే, ఆ జాతి. చిన్న చిన్న మూడు కోణాల బిళ్ళలుగా కోసి, గుడ్డ మీద అతికించి, ఆ గుడ్డల్ని విగ్రహానికి తాపడం చేశారు. అతికించే పని ఊళ్ళో ఆడవాళ్ళు చేశారు. చేస్తూ చేస్తూ కొందరు బిళ్ళల వెనక తమవాళ్ళ పేర్లు రాసుకున్నారట. ఆ పేర్లు ఇప్పటికీ దేవుడి ఒంటికి అంటుకుని లోపలే ఉన్నాయన్నమాట. ఎవరికీ కనపడవు. నేనైతే ఎవరి పేర్లు రాసేదాన్నా అని అక్కడే నిలబడి లెక్కపెట్టుకున్నాను. పిల్లలవి, మా అమ్మది, తర్వాత మావారిది. ఈ వరస ఆయనకి చెప్పలేదు.

అక్కణ్ణించి కారులో తిజూకా అడవికి. ఊరి మధ్య అడవి! బస్సులూ బ్యాంకులూ దాటి పది మలుపులు తిరిగేసరికి ఆకాశం కనపడనంత చెట్లు. ఒక జలపాతం దగ్గర కూర్చుని, పొట్లాలు విప్పి పులిహోర తిన్నాం. ముంగిసకీ పిల్లికీ మధ్యస్థంగా, పొడుగు ముక్కుతో ఒక జంతువు వచ్చి మా చుట్టూ తిరిగింది. దాన్ని క్వాటీ అంటారు. నేను రెండు మెతుకులు పెట్టబోతే, మాకు దారి చూపడానికొచ్చిన అమ్మాయి వద్దంటే వద్దంది. ఆ పిల్ల కాలేజీలో చదువుకుంటూ శని, ఆదివారాల్లో ఈ పని చేస్తోంది. ఇంగ్లీషు బాగా వచ్చు. నా ఇంగ్లీషు కూడా ఆ పిల్లకి అర్థమైందంటే మీరే ఊహించుకోండి.

నడక మొదలెట్టిన కాసేపటికి నాకొక చుట్టం కనిపించింది. పనస చెట్టు! ఆకు చూసి గుర్తుపట్టాను. పుట్టింటి మనిషి ఎదురైనంత సంబరపడి బెరడు నిమిరాను. పోర్చుగీసువాళ్ళు మన దేశం నుంచే పట్టుకెళ్ళారట. మలయాళం వాళ్ళ 'చక్క' వాళ్ళ నోట్లో 'జాకా' అయింది. అయితే ఆ అడవిలో దానికి మంచి పేరు లేదు. అక్కడి చెట్లకి చోటు లేకుండా చేస్తోందని అటవీశాఖవాళ్ళు పెరగనివ్వడం లేదట. పాపం, అది తనంతట తాను ఓడెక్కి రాలేదు కదా అన్నాను. అమ్మాయి నవ్వి, "ఈ అడవిలో చాలామంది అలాగే వచ్చారు" అంది. ఆ మాట అప్పుడు నాకు బోధపడలేదు.

ఒక మలుపు దగ్గర ఆయాసం తీర్చుకుంటుంటే కథ చెప్పింది.

ఈ అడవి అనాదిగా ఉన్నది కాదట. రెండు వందల ఏళ్ళ కిందట ఈ కొండల మీద చెట్లు నరికేసి కాఫీ తోటలు వేశారు. చెట్లు పోయాక మట్టి కొట్టుకుపోయింది, వాగులు ఎండాయి, కింద ఊళ్ళో తాగడానికి నీళ్ళు కరువయ్యాయి. అప్పుడు వాళ్ళ చక్రవర్తి రెండో పెద్రో ప్రభుత్వం 1861లో కళ్ళు తెరిచి, మళ్ళీ అడవి పెంచమని ఆర్చర్ అనే మేజరుకి ఒప్పచెప్పింది. ఆయన పదమూడేళ్ళు అదే పని మీదున్నాడు. చుట్టుపక్కల మిగిలిన అడవుల నుంచి మొక్కలు తెచ్చి పదుల వేలు నాటించాడు. మిగతా ఖాళీల్ని అడవే మెల్లిగా నింపుకుంది.

"ఒక్కడే ఎలా నాటాడమ్మా అన్ని మొక్కలు?" అన్నాను.

"ఒక్కడు కాదు. మొదట ఆయనతో ఆరుగురు బానిసలు. ఎలూతేరియో, కాన్‌స్టాంటినో, మాన్యుయెల్, మతేయుస్, లియోపోల్డో, మరియా."

వేళ్ళు మడిచి, పంచపాండవుల పేర్లు చెప్పినట్టు గడగడా చెప్పింది. ఇంటిపేర్లు లేవు. పెట్టింది ఎవరో తెలియని పేర్లు. ఆ దేశంలో బానిసత్వం పోయింది 1888లో. అంటే వీళ్ళు ఈ కొండ మీద మొక్కకి నీళ్ళు పోసినన్నాళ్ళూ మరొకరి ఆస్తే. మొక్కకి వేళ్ళు తన్నాయి గాని వీళ్ళ కాళ్ళకి మాత్రం సొంత నేల లేదు.

ఆరుగురిలో ఒక్కతే ఆడమనిషి. మరియా మొక్కలు నాటిందా, నాటే అయిదుగురికీ వండి పెట్టిందా? నాకు తెలియదు. రెండూ చేసి ఉంటుందని నా అనుమానం. మీదీ అదేనని నాకు తెలుసు.

"నీకు కోపం రాదా, ఇక్కడ తిరుగుతుంటే?" అని ఆ అమ్మాయిని అడిగాను.

"వస్తుంది. కానీ ఎండలు ముదిరితే ఇక్కడికే వస్తాను" అంది.

అక్కణ్ణించి పైకి నడుస్తున్నంతసేపూ నేను చెట్లని చూడలేదు, నీడని చూశాను. మెడ మీద చెమట ఆరుతోంది. గాలి చల్లగా తగులుతోంది. ఇంత సుఖం ఎవరి రెక్కల మీద వచ్చింది? వాళ్ళని ఎవరైనా "నీకిష్టమేనా?" అని అడిగారా? మనకి దేవ ఋణం ఉంది, ఋషి ఋణం ఉంది, పితృ ఋణం ఉంది. ఏ శ్రాద్ధంలోనూ పేరు రాని ఇలాంటివాళ్ళ ఋణం ఏ ఖాతాలో రాయాలి?

మా అబ్బాయి తేలిగ్గా తీసేశాడు. "ఆ మేజరు పట్టుదల లేకపోతే అడవే లేదు కదమ్మా. నాటించేవాడు ఉండాలిగా."

కోడలు ఊరుకుంటుందా? "చూశారా అత్తయ్యా, వంట ఎవరు చేశారని అడిగితే 'కూరలు నేనే తెచ్చాను' అంటారు."

వాడి మాటలో నిజం లేకపోలేదు. పదమూడేళ్ళు ఒక కొండని పట్టుకుని వేలాడటం సామాన్యం కాదు. కానీ "ఆర్చర్ అడవి పెంచాడు" అన్న వాక్యంలో ఆరుగురు మాయమైపోతున్నారే, అదీ నా బాధ.

శిఖరం దగ్గర నిలువు బండ. దానికి 117 మెట్లు చెక్కి, పట్టుకోవడానికి ఇనుప గొలుసు వేశారు. 1920లో బెల్జియం రాజు ఆల్బర్ట్ వస్తున్నాడని ఆయన కోసం చెక్కించారట. ఆయనేమో పర్వతాలెక్కడంలో ఆరితేరినవాడు, ఆ మెట్లు ముట్టుకోకుండా పక్కనించి పాకిపోయాడని చెప్పుకుంటారు. రాజుకి అక్కర్లేని మెట్లు రాజమండ్రి ముసలమ్మకి పనికొచ్చాయి. గొలుసు పట్టుకుని, కిందకి చూడకుండా, మనసులో గోవిందా అనుకుంటూ ఎక్కేశాను. దేవుడు లేని కొండయినా అలవాటు పోదు కదా.

పైన నిజంగానే ఏమీ లేదు. వెయ్యి మీటర్ల పైచిలుకు ఎత్తులో ఒక బండ, గాలి. పొద్దున్న మనం తల ఎత్తి చూసిన విగ్రహం ఇప్పుడు మనకంటే కింద, అగ్గిపుల్లంత. ఊరికీ మాకూ మధ్య పచ్చటి అడవి, దుప్పటి పరిచినట్టు.

అందరూ ఫోటోలు తీసుకుంటుంటే నాకు మా పెరట్లో కొత్తపల్లి కొబ్బరి మామిడి చెట్టు గుర్తొచ్చింది.

ఆ చెట్టు సంగతి మా బంధువుల్లో తెలియనివాళ్ళు లేరు. ఏటా మే నెలలో ఇరవై ఇళ్ళకి కాయలు పంపుతాను. "నేను చంటిబిడ్డలా పెంచిన చెట్టు" అని చెప్పుకుంటాను. 1983లో మొక్క వేశాం. అప్పుడు మా వీధిలో కొళాయి చివర మలుపు దగ్గరుండేది. అక్కణ్ణించి రోజూ రెండు బిందెల నీళ్ళు మోసుకొచ్చి ఆ మొక్కకి పోసింది నేను కాదు. మా ఇంట్లో పనికి పెట్టుకున్న తొమ్మిదేళ్ళ పిల్ల.

లంక గ్రామం నుంచి వాళ్ళ నాన్న తీసుకొచ్చి దింపాడు. తిండీ, బట్టా, నెలకింత అని మాట్లాడుకున్నాం. ఆ నెలకింత కూడా ఆయనే పట్టుకెళ్ళేవాడు. దాని అసలు పేరూ మా అత్తగారి పేరూ ఒకటే. అత్తగారి పేరుతో పనిపిల్లని కేకలేస్తే బాగుంటుందా? అందుకని 'చిట్టి' అన్నాం. అయిదేళ్ళు ఉంది మా ఇంట్లో, చిట్టిగానే. మా అబ్బాయి బడికి వెళ్ళేటప్పుడు వాడి సంచీ అది మోసేది, గేటు దాకా.

బానిసత్వం వేరు, ఇది వేరు. నాకు తెలుసు. కొట్టలేదు, తిట్టలేదు, పండక్కి పరికిణీ కుట్టించాం. ఆ రోజుల్లో అందరిళ్ళలోనూ అంతే. ఇళ్ళల్లో చిన్నపిల్లల చేత పని చేయించకూడదని ప్రభుత్వం గట్టిగా చెప్పింది 2006లో. ఇవన్నీ ఆ బండ మీద కూర్చుని నాకు నేనే చెప్పుకున్నాను. ప్లీడరులా వాదించాను. కానీ ఆ పిల్లని "నీకు బడికెళ్ళాలని ఉందా?" అని ఒక్కసారి కూడా అడగలేదన్న దగ్గర నా వాదన ఆగిపోయింది.

మా అబ్బాయికి చెప్పాను. వాడు కాసేపు మాట్లాడలేదు. "ఇప్పుడు సిగ్గుపడితే ఎవరికేం లాభం అమ్మా?" అన్నాడు చివరికి.

నిజమే. నేను పులిహోర మానేస్తే మరియాకి విడుదల రాదు. అలాగని ఒక నమస్కారం పడేసి, నీడలో చల్లగా దిగిపోవడమూ నాకు నచ్చలేదు. ఇచ్చినదానికి కృతజ్ఞత చెప్పవచ్చు. తీసుకున్నదానికి కృతజ్ఞత చెబితే ఏం బాగుంటుంది, లాక్కున్న వస్తువుకి థాంక్స్ అన్నట్టు? మరియా విషయంలో నేను చేయగలిగింది ఏమీ లేదు. పేరు గుర్తు పెట్టుకోవడం, అంతే. కానీ చిట్టి నూట అరవై ఏళ్ళ కిందటి మనిషి కాదే! బతికుంటే యాభై దాటి ఉంటుంది. బస్సెక్కితే చేరేంత దూరంలో ఎక్కడో ఉంటుంది.

దిగేటప్పుడు మోకాళ్ళు గొడవ చేశాయి. కోడలు భుజం ఇచ్చింది. రాత్రి మావారికి ఫోన్ చేసి అడిగాను. "ఎవరు, చిట్టా? పెళ్ళయిందని విన్నట్టు గుర్తు. ఇప్పుడెందుకు?" అన్నారు. కొండెక్కాను అన్నాను. ఆయనకి సంబంధం అర్థం కాలేదు, నేనూ వివరించలేదు.

ఇంటికొచ్చాక రోజులు గడిచాయి. మళ్ళీ మే నెల వచ్చింది. కాయలు దింపించి, గడ్డి పరిచి, బుట్టలు సర్దుతూ మామూలుగా ఇళ్ళ జాబితా రాశాను. ఇరవయ్యో పేరు తర్వాత కలం ఆగింది. మాకు పాలు పోసే అతనిది ఆ లంక ఊరే. మర్నాడు పొద్దున్న అడిగాను, ఫలానావాళ్ళ పిల్ల, చిన్నప్పుడు మా ఇంట్లో చేసింది, ఇప్పుడెక్కడుందో తెలుసా అని. వాళ్ళ నాన్న పోయాడట. పిల్లలు ముగ్గురు, ఎవరు ఎక్కడున్నారో కనుక్కుంటానన్నాడు.

"పేరేంటమ్మగారూ?"

చిట్టి అనబోయి ఆగాను. ఆ పేరుతో వాళ్ళూళ్ళో ఆవిణ్ణి ఎవరు గుర్తుపడతారు? లోపల మావారు పేపరు చదువుకుంటున్నారు. ఈ ఇంటికి కోడలిగా వచ్చాక ఒక్కసారి కూడా నా నోట పలకని పేరు అది. ఇక్కడ రాయడం లేదు. ఆవిణ్ణి అడక్కుండా అచ్చు వేయించడం మళ్ళీ అదే తప్పు అవుతుంది.

పాలతనికి మాత్రం చెప్పాను. ఒకసారి వినపడలేదన్నాడు. గట్టిగా చెప్పాను.