తొట్టికి తగిన చేప

గత సంవత్సరము వేసవిలో మేము కైవారమునకు పోవుచు దారిలో చింతామణిలో దిగితిమి. మా మేనల్లుని యింటి నడవలో రెండు మూరల పొడవు గల గాజుతొట్టి యొకటి క్రొత్తగా కనబడినది. అందులో 180 లీటర్ల ఉప్పునీరు; ఆ నీటిలో పసుపు తోక గల నీలిచేప యొకటి, బొటనవ్రేలంత చేపలు మరి నాలుగు. సముద్రమునకు రెండువందల కిలోమీటర్లకు మించిన దూరమున, చుక్క నీటికై మొగము వాచిన సీమలో, పగడపు దిబ్బల చేపలను చూచుట మాకు వింతగానే యుండెను. ఎంతసేపు చూచితిమో మాకే తెలియదు. ఇంతలో మేనల్లుని కూతురు, ఎనిమిదేండ్ల పిల్ల, మా ప్రక్కకు వచ్చి, "తాతా, ఆ నీలిది ఊరికే ఈ కొననుంచి ఆ కొనకి తిరగతానే ఉంటాదే, దానికేం కావాల?" అని యడిగినది. తండ్రి "ఆడుకుంటా ఉండాది లేమ్మా" అనెను. మేము మాట్లాడలేదు. అది ఆట కాదని మాకు తోచినది; ఆ పిల్లకును తోచినది కాబోలు.

తొట్టికి తగిన చేప యేది యని విచారించువారు మన చిక్కబళ్ళాపురమున, చింతామణిలో, బాగేపల్లిలో సైతము ఇప్పుడు కలరు. కాని తగినది యనగా ఎవరికి తగినది? పిల్లకు సంబంధము చూచునపుడు ఇరువైపుల వారిని విచారింతుము. గుణము, ఆరోగ్యము, ఇంటి వసతి, పెద్దల మాట, అన్నియు అడుగుదుము. చేప విషయమున ఒక వైపే విచారణ. రంగు బాగున్నదా, వెల యెంత, నడవకు శోభ తెచ్చునా? అవతలి పక్షము నోరులేనిది. మా మేనల్లునికి ఆ నీలిచేపను అమ్మిన అంగడివాడు అది రెండంగుళములున్నదని చెప్పెనే గాని, పెరిగి అడుగు పొడవగునని చెప్పలేదు. బ్లూ టాంగ్ అని పిలువబడు ఆ జాతికి ఆరడుగుల తొట్టియు ఇరుకే.

ఈ సందర్భమున మాకు సత్యవ్రతుని కథ జ్ఞప్తికి వచ్చినది. భాగవతములోని యీ కథను మన యిండ్లలో వినని వారు అరుదు. ద్రవిడ రాజైన సత్యవ్రతుడు కృతమాలా నదిలో తర్పణము విడుచుచుండగా దోసిలిలోనికి చిన్న చేప యొకటి వచ్చినది. పెద్ద చేపల భయమును చెప్పుకొని రక్షింపుమని వేడినది. రాజు దానిని కమండలువులో నుంచెను. తెల్లవారు సరికి అది చాలదయ్యెను. మరియొక పాత్ర, పిమ్మట కొలను, పిమ్మట మడుగులు, కడపట సముద్రము. అది సాక్షాత్తు విష్ణువని రాజునకు తెలిసినది కడపటనే. అంతవరకు అతని కంటికి అది వట్టి చేపయే. అయినను చోటు చాలదని అది చెప్పిన ప్రతిసారియు అతడు చోటు మార్చెను. "నా కమండలువునకు తగినంతగా పెరుగుము" అనలేదు. ఆశ్రయ మిచ్చినవాడు తన పాత్రను బట్టి గాక, ఆశ్రయము పొందినదాని పెరుగుదలను బట్టి నడచుకొనెను. పైగా అచ్చట చేప తానై వచ్చి అడిగినది. మన తొట్టిలోని చేప అడుగలేదు. మనమే వెల యిచ్చి తెచ్చితిమి. అడుగని దానికి ఆశ్రయ మిచ్చితి మనుకొనువాని బాధ్యత తక్కువ యగునా, ఎక్కువ యగునా? ఎక్కువయే యగునని మా తలంపు.

అట్లని యే చేపయు తొట్టికి తగదని మేము వాదింపబోము. క్లౌన్ చేపను చూడుడు. సముద్రములో సైతము అది తన ఎనిమోను చెంతనే పుట్టెడు కాలము గడుపును. ఆ విషపు తంతువుల చాటు విడిచి దూరము పోదు. వాని గుంపులో అన్నిటికంటె పెద్దది ఆడుది, దాని తరువాతిది మగది. ఆడుది చనిపోయినచో మగదియే ఆడుదిగా మారును. తొట్టిలో గ్రుడ్లు పెట్టి ఆ గ్రుడ్లను కాపాడుకొనును. మన దేశమున కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు దానిని తొట్లలో పుట్టించి పెంచు విధానమును రూపొందించిరి. అట్టి పిల్లను కొనువాడు సముద్రమును దోచినవాడు కాడు. సీతాకోకచిలుక చేపల మాట వేరు. వానిలో పెక్కు జాతులు బ్రదికిన పగడపు జీవులనే తినును; మన మెంత మేత చల్లినను మొగము త్రిప్పుకొని వారములలో చిక్కి చచ్చును. మాండరిన్ చేప, దాని వన్నెకు సాటి లేదు, కంటికి కనబడీ కనబడని పురుగులను దినమెల్ల ఏరుకొని తినును. క్రొత్త తొట్టిలో అవి యుండవు. సింహపు చేపను చిన్నవానితో కలిపి యుంచుట మాత్స్యన్యాయమునకు నడవలో పీట వేయుటయే. పరచేపల మేని పురుగులను ఏరి బ్రదుకు శుభ్రపు చేప యొకటి కలదు. దాని మేనిపై చుక్క పెట్టి అద్దము చూపగా, ఆ చుక్కను రాచి తుడుచుకొనజూచినదని జపాను పండితులు 2019లో ప్రకటించిరి. ఆ వార్త చదివిన పిమ్మట చేపకు మనసేమిటి యని తేలికగా నవ్వలేకపోతిమి.

ఇక పగడముల విషయము. మన దేశమున రాతి పగడములు, సముద్రాశ్వములు 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో, పులి యున్న జాబితాలోనే, చేర్చబడినవి. వానిని దొంగచాటుగా తెచ్చి యిచ్చెద మనువారు కలరు. వారి మాట వినరాదు. మన యింటి దిబ్బ సిమెంటుతోనో కాల్చిన మట్టితోనో చేసినదే కావలెను. చేపకు కావలసినది దాగుకొన చాటు. అది పగడమా పెంకా యని అది యడుగదు.

మాకు అన్నిటికంటె చిక్కుగా తోచినది నీరు. చిక్కబళ్ళాపురము దగ్గర పుట్టి, బాగేపల్లి మీదుగా, మన మాట వలెనే రాష్ట్రపు గట్టును లెక్కచేయక ఆవలికి సాగు చిత్రావతి, సంవత్సరములో పెక్కు నెలలు వట్టి ఇసుక. వేయి అడుగులు దించిన గొట్టపు బావులు సైతము ఎండుచున్నవి. పడిన నీటిలో ఫ్లోరైడు. బెంగుళూరు విడిచిన మురుగును శుద్ధిచేసి కందవార చెరువునకు పంపుకొను స్థితికి వచ్చితిమి. రీఫ్ తొట్టికి ఆ బావినీరు పనికిరాదు. యంత్రముతో వడపోసిన నీటిలో లీటరునకు 35 గ్రాముల చొప్పున సముద్రపు ఉప్పు కలుపవలెను. వారమునకు పదవ వంతు మార్చినను 18 లీటర్లు, ఏడాదికి 936 లీటర్లు. దాని కొరకు యంత్రము పారబోయునది రెండు మూడింతలు. మార్చిన ఉప్పునీరు మొక్కకును పోయరాదు. నిజము చెప్పవలెనన్న ఒక ద్రాక్షతోట త్రాగు నీటి ముందు ఇది లెక్కకు రాదు. పారబోయు నీటిని పట్టి గిన్నెలు తోముకొనవచ్చును, మా మేనల్లుని భార్య అట్లే చేయుచున్నది. కాని టాంకరు కొరకు బిందెతో వీధిలో నిలిచిన పొరుగింటామె ఆ నడవలోనికి చూచినపుడు, మాకు ఆ లెక్క యేదియు నోట రాలేదు.

మేనల్లుడు తన పక్షము చెప్పకపోలేదు. "మామా, మా పాపకి సముద్రం ఎప్పుడు చూపిస్తానో ఏమో. ఇది చూసినాక చేపల పుస్తకాలే చదువుతా ఉండాది" అనెను. అదియు నిజమే. ఆ పిల్ల యడిగిన ప్రశ్న ఆ తొట్టి లేనిదే పుట్టి యుండదు.

నీలిచేపను అంగడివాడు తిరిగి తీసికొనలేదు. చెరువులో విడుచుటకు అది మంచినీటి చేప కాదు; ఎక్కడనో పట్టి తెచ్చిన దానిని మన సముద్రమున విడుచుటయు తగదు. రెండు నెలలు వెదకగా బెంగుళూరులో పెద్ద తొట్టి గల యొకరు తీసికొనిపోయిరి. చిన్నవి నాలుగింటిలో మూడు ఒకదాని నొకటి కొరుకుకొని చచ్చినవి. మిగిలిన పోకిరిని సైతము ఆయనకే యిచ్చివేసిరి. ఇప్పుడు ఆ తొట్టిలో పెంపకపు క్లౌన్ చేపలు రెండు మాత్రమున్నవి. మొన్న ఫోనులో పిల్ల చెప్పినది: "ఇవి తిరగవు తాతా. ఆ కుండపెంకు కాడే ఉంటాయి. అన్నం పెట్టే టయానికి బయటికొస్తాయి." విని మేము సంతోషించితిమి. ఆ సంతోషము చేపల కొరకా, మా మనసు తేలికపడినందుకా యని ఆ రాత్రి చాలసేపు ఆలోచించితిమి గాని, తేల్చుకొనలేకపోతిమి.