దైవశాస్త్రజ్ఞుడెవ్వడు?

న్యాయస్థానమున వాదించుటకు సన్నదు కావలయును. వైద్యము చేయుటకు పట్టము కావలయును. ఈశ్వరుని గూర్చి పలుకుటకు యోగ్యత యేది? క్రైస్తవులు ఈ ప్రశ్నను పదునాఱు శతాబ్దములకు పైగా విచారించుచున్నారు. వారి విచారణ మనకును శ్రవణయోగ్యము.

గ్రీకుభాషలో 'థియోలోగోస్' అనగా దేవుని గూర్చి పలుకువాడు. తూర్పు ఆర్థోడాక్సు సంఘమువారు ఈ పేరును బిరుదముగా ముఖ్యముగ మువ్వురకే యొసగిరి: సువార్తికుడైన యోహాను, నాజియాంజసు గ్రెగొరీ, 1022లో గతించిన సిమియోను. అసంఖ్యాకులగు పండితులను గన్న సంఘములో మువ్వురకే యీ గౌరవము!

వీరిలో గ్రెగొరీ ఏథెన్సున విద్య నభ్యసించిన మహావక్త. ఆయన 380 ప్రాంతమున కాన్‌స్టాంటినోపిల్ నగరమందు దైవతత్త్వమును గూర్చి యైదు ప్రసంగములు గావించెను. అప్పుడా నగరమున దేవుని గూర్చిన తర్కము అంగళ్లలోను విందులలోను వినోదమై పోయియుండెను. గ్రెగొరీ తన పక్షమును స్థాపింపక మునుపే తర్కమునకు హద్దు నేర్పఱచెను: అందఱు నర్హులు కారు, అన్ని వేళలు దగినవి కావు, చిత్తశుద్ధి ముందు గావలయును. దైవస్మరణ మాత్రము ఎల్లరకును ఎల్లవేళల విధియే యని చెప్పుట ఆయన మఱవలేదు. 381లో మహాసభయందు తన పీఠార్హతను గూర్చి వివాదము పుట్టగా, ఆ పీఠమును విడిచి వెడలిపోయెను. ఆయనచే డీకను పదవి నొందిన ఎవాగ్రియసు, తరువాత ఈజిప్టు ఎడారిలో తపస్వియై, నిజముగా ప్రార్థించువాడే దైవశాస్త్రజ్ఞుడని బోధించెను.

అట్లయిన పాండిత్యము వ్యర్థమా? కాదు. పారిసు విశ్వవిద్యాలయమున బోధించిన థామసు అక్వినాసు తర్కమును దైవసేవకు వినియోగించిన మహామేధావి. అయినను 1273 డిసెంబరులో నొకనాటి యారాధనానంతరము ఆయన కలము విడిచెను. తాను వ్రాసినదెల్ల గడ్డిపరకవలె తోచుచున్నదని చెప్పెను. ఆయన మహాగ్రంథము అసంపూర్ణముగనే నిలిచెను. అది పాండిత్యమునకు నింద గాదు. పాండిత్యము తన కొలతను తానెఱుగుట.

మఱియొక నిదర్శనము. సియనా నగరమున అద్దకపువాని కొమార్తె కేథరిన్. స్పెయినులో సన్న్యాసిని తెరేసా. ఇరువురును విశ్వవిద్యాలయపు గడప త్రొక్కినవారు గారు. స్త్రీలకు ఆ ద్వారములు మూయబడియుండెను. రోమను సంఘము 1970లో వీరికి ఆచార్యబిరుద మొసగెను. అంతకు మున్ను ఏ స్త్రీయు ఆ బిరుదము నొందలేదు. తెరేసా గతించి అప్పటికి దాదాపు నాలుగు శతాబ్దములు, కేథరిన్ గతించి దాదాపు ఆఱు శతాబ్దములు! ప్రార్థనవలన గలిగిన జ్ఞానమును గుర్తించుటకు పండితులకు పట్టిన కాలమది.

సోదరులారా! మనము చదువుకొన్నవారము. దేవుడొక్కడని సభలలో సిద్ధాంతీకరించి, ప్రతిపక్షమును నిరుత్తరులను జేసి, కరతాళధ్వనులతో నింటికి వచ్చుచున్నాము. ఏ యీశ్వరుని పక్షమున వాదించితిమో, ఆ యీశ్వరునితో ఆ రాత్రి యొక్క మాటయైన నాడక నిద్రించుచున్నాము. మూలగదిలో కన్నులు మూసికొని కూర్చున్న మన ముసలితల్లిని జూచి, పాపము, ఏమియు నెఱుగదని జాలిపడుచున్నాము. ఎఱుగనివారెవరు?

కావున గ్రంథములను మూయవలదు. కాని వానిని తెఱచుటకు ముందు ఒక్క నిమిషము మౌనముగ నిలువుదము. దేవుని గూర్చి పలుకుటకు మునుపు దేవునితో పలుకుదము. సన్నదు నొసగువాడు ఆయనయే.