చేయని తప్పుకు శిక్ష

ఈమధ్య తుర్కయంజాల్‌లో ఐదో తరగతి పిల్లవాడు ఒకడు అడిగాడు: "సార్, ఎవరిమీదనో పీడీ యాక్టు పెట్టిండ్రని టీవీల చెప్పిండ్రు. ఏం తప్పు చేసిండు?"

"చేసినందుకు కాదురా, ఇకముందు చేస్తాడేమోనని లోపల పెడతారు" అన్నాను.

"మరి చేయకపోతే?"

ఈ ప్రశ్ననే 1950లో ఎ.కె. గోపాలన్ సుప్రీంకోర్టు ముందు పెట్టారు. కన్నూరు ప్రాంతానికి చెందిన ఆయన మొదట మనలాగే బడిపంతులు, తర్వాత కమ్యూనిస్టు నాయకుడు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనే ఉండేవి. అక్కడ 1947 డిసెంబరు నుంచి ఆయన నిర్బంధంలోనే ఉన్నారు. పడిన శిక్షలు రద్దయినా వదలలేదు. 1950 మార్చిలో కొత్త చట్టం కింద మరో ఉత్తర్వు చేతికిచ్చారు.

మే 19న తీర్పు వచ్చింది. గోపాలన్ ఓడిపోయారు. నిర్బంధానికి కారణాలు కోర్టుకైనా చెప్పకూడదన్న 14వ సెక్షన్‌ను మాత్రం కొట్టేశారు. జస్టిస్ ఫజల్ అలీ ఆ తీర్పుతో ఏకీభవించలేదు. మనిషికి కారణం చెప్పాలి, అతని మాట వినాలి, వినేవారు నిష్పక్షపాతంగా ఉండాలి అన్నారు. 1978లో మేనకా గాంధీ కేసులో కోర్టు దాదాపు ఆ దారికే వచ్చింది. గోపాలన్‌ను 1952 మొదలు ఐదుసార్లు ప్రజలు లోక్‌సభకు పంపారు.

ఆ 1952లోనే నేరస్థ తెగల చట్టం రద్దయింది. 1871లో మొదలైన ఆ చట్టం ఎరుకల వంటి మనవాళ్ళను పుట్టుకతోనే దొంగలని రాసుకుంది. స్టువర్టుపురం సెటిల్‌మెంటు ఆ కాలానిదే. చట్టం పోయింది, అనుమానం పోయిందా?

ఒకసారి నా తరగతిలో పెన్సిల్ డబ్బా పోయింది. పిల్లలంతా ఒక్క పిల్లవాడి వైపే చూశారు. నేనూ వాడి సంచే ముందు వెతికాను. డబ్బా బెంచీ కింద దొరికింది. వాడు ఏడవలేదు, అలవాటైనట్టు సంచి సర్దుకున్నాడు. అది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

నిజంగా ప్రమాదకరమైన మనిషి ఉంటే ఏం చేయాలని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. రాజ్యాంగం 22వ అధికరణ కూడా ముందస్తు నిర్బంధాన్ని ఒప్పుకుంది. కానీ కారణం, గడువు, జవాబు చెప్పుకునే అవకాశం ఉండాలి. 2023లో హైదరాబాదుకు చెందిన ఒక నిర్బంధ ఉత్తర్వును కొట్టేస్తూ, తెలంగాణలో ఈ చట్టాన్ని ఇష్టానుసారం వాడుతున్నారని సుప్రీంకోర్టే తప్పుపట్టింది.

మనకు నచ్చని మనిషికి ఆ హక్కు లేకుండా చేస్తే రేపు మనకూ ఉండదు. ఉపాధ్యాయులారా, సంచి వెతికే ముందు ఒక్కమాట అడుగుదాం.