ఏడో ఏడు

అమెరికాలో ఫీనిక్స్ ఊరి చివర ఒక తెలుగు దంపతులు ఉండేవారు. ఆయన ఇంజినీరుగా రిటైరయ్యాక ఆరు టైర్ల మోటార్‌హోమ్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. మంచం, పొయ్యి, స్నానాలగది అన్నీ అందులోనే. ఏడాదికి రెండు ప్రయాణాలు చేసేవారు. మిగతా రోజులన్నీ ఆ బండి అరిజోనా ఎండలో ఇంటి పక్కన నిలబడి ఉండేది.

కొన్న రోజే ఆవిడ టైరు పక్కభాగం మీద డీఓటీ అన్న అక్షరాల వెంట ఉన్న కోడు ఆయన చేత చదివించింది. చివరి నాలుగు అంకెలు 2317. అంటే 2017లో 23వ వారం తయారైన టైరు.

"వీటిని ఎన్నేళ్లకు మారుస్తారు?" అని అడిగింది.

ఆయన నాలుగు చోట్ల చదివి, లెక్క వేసుకుని, "ఏడేళ్లకు. అరిగినా, అరగకపోయినా" అన్నాడు.

"అయితే రాసివ్వండి" అంది. రాసిచ్చాడు. ఆవిడ దాన్ని బండి కాగితాల్లో దాచింది.

2024 జూన్ వచ్చింది. మనవలను గ్రాండ్ కాన్యన్ తీసుకెళ్లాలి. ఆయన వంగి టైర్లు తడిమి చూశాడు. అరుగుదల లేదు. పగుళ్లూ కనబడలేదు. ఆరు టైర్ల ఖర్చు తలుచుకుని, "కొత్తవాటిలాగే ఉన్నాయే! ఈ వేసవి గడవనీ, వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు.

ఆవిడ కాగితం తెచ్చి ముందు పెట్టింది. "ఏవండీ, ఇది రాసిన రోజు మీకు ప్రయాణం తొందర లేదు, డబ్బు కట్టే పని లేదు. ఆ రోజు మీరన్న మాట నమ్మనా, ఇవాళ అంటున్న మాట నమ్మనా?"

ఆయన మారు మాట్లాడకుండా బండి తీశాడు. షాపులో తెచ్చి పెట్టిన కొత్త టైర్ల మీద కూడా ఆవిడ అంకెలు వెతికింది. పూర్తి కోడు ఒక వైపే ఉంది. తిప్పి చూస్తే 0822. రెండేళ్లు దాటి గోడౌన్లో పడి ఉన్న సరుకు. తాజావి తెప్పించే దాకా కదలనంది.

పాతవి ఊడదీశాక ఆయన షాపతన్ని అడిగాడు: "ఇవి ఇంకెన్నాళ్లు వచ్చేవి?"

"పది రోజులు రావచ్చు, మూడేళ్లు రావచ్చు. పైపైన చూసి చెప్పలేను."

ఆ జవాబు ఆయనకు రుచించలేదు. డబ్బు దండగ చేశానేమో అన్న గుంజాటనతోనే ఐ-17 హైవే ఎక్కాడు. కొండదారి ఎక్కారు, కాన్యన్ చూశారు, తిరిగొచ్చారు. దారిలో ఏమీ కాలేదు.

నీతి: టైరును ఎప్పుడు తీసేయాలో, దానితో అవసరం లేని రోజునే నిర్ణయించుకోవాలి.

ఆ పెద్దమనిషి అనుమానం తీరలేదు. తీరాలంటే పాత టైరు పేలి ఉండాలి. అలాంటి రుజువు ఏ కుటుంబానికీ వద్దు. కారు టైరు ఎక్కువగా తిరిగి అరుగుతుంది, మోటార్‌హోమ్ టైరు నిలబడే ముసలిదవుతుంది. ఎండ, వేడి, గాలిలోని ఓజోన్ రబ్బరును దెబ్బతీస్తాయి. రబ్బరులో కలిపిన రక్షక మైనం టైరు తిరుగుతూ వంగుతూ ఉంటేనే పైకి వస్తుంది. కదలని బండికి ఆ రక్షణ తగ్గిపోతుంది. లోపల పొరలు విడుతున్నా పైన నున్నగానే ఉండొచ్చు. ఐదేళ్లు దాటాక ఏటా నిపుణులకు చూపించమని, పదేళ్లు నిండితే ఎలా ఉన్నా తీసేయమని మిషెలిన్ కంపెనీ చెబుతుంది. పదేళ్లు ఆఖరి హద్దు. అప్పటిదాకా టైరు నిలుస్తుందని ఎవరూ హామీ ఇవ్వరు. మండే ఎండలో బండి నిలిపేవాళ్లు ఏడేళ్లకే మార్చడం నాకు సబబుగా తోస్తుంది.

ఖర్చు ఒకేసారి భరించలేకపోతే ముందువైపు టైర్లు రెండూ మొదట మార్చండి. ముందు టైరు పేలితే బండి ఆ పక్కకే లాగుతుంది, స్టీరింగు పట్టు నిలవడం కష్టం. తర్వాతి ప్రయాణానికి తారీకు అనుకోకముందే టార్చి పట్టుకుని, వెనక జంటల్లోని లోపలి టైర్లతో సహా, ఆ నాలుగు అంకెలు చదవండి.