అనుమాన ప్రమాణానికి హద్దు

కంటికి కనిపించనిదేదీ లేదన్నారు కాబట్టే చార్వాకుల దర్శనం నిలవలేదని చాలామంది అనుకుంటారు. పదో శతాబ్దపు నైయాయికుడు ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో తీసిన దెబ్బ అదే: అలాగైతే ఇల్లు దాటిన చార్వాకుడు, కనబడని ఆలుబిడ్డలు లేనట్టేనని గుండెలు బాదుకోవాలి. చార్వాకులందరి మాటా అదే అయితే దీనికి జవాబు లేదు. కానీ ఎనిమిదో శతాబ్దపు బౌద్ధ పండితుడు కమలశీలుడు పురందరుడనే చార్వాకుడి మతాన్ని నమోదు చేశాడు. లోకంలో సిద్ధమైన అనుమానాన్ని, అంటే కనబడినదాన్ని బట్టి కనబడనిదాన్ని తేల్చడాన్ని, పురందరుడు ఒప్పుకుంటాడు. పొగ చూసి నిప్పుందనడం అతనికి సమ్మతమే. లోకం దాటి పోయే అనుమానాన్నే కాదంటాడు. చార్వాకుల సొంత గ్రంథాలు చాలావరకు నశించి, వాళ్ల మాటలు ప్రత్యర్థుల పుస్తకాల్లో తునకలుగా మిగిలాయి. అందుకే ఇంత ముఖ్యమైన భేదం మరుగున పడింది.

అనుమానానికి పురందరుడు పెట్టిన ఆ హద్దు ఇష్టం వచ్చినట్టు గీసింది కాదు. 1846లో ఫ్రెంచి ఖగోళ గణితజ్ఞుడు లెవెరియే, యురేనస్ నడకలో తేడాలను బట్టి, ఆవల మరో గ్రహం దాన్ని లాగుతోందని లెక్కగట్టాడు. సెప్టెంబరు 23 రాత్రి బెర్లిన్‌లో ఖగోళ శాస్త్రజ్ఞుడు గాలే దూరదర్శినితో వెతికితే, చెప్పినచోటికి ఒక్క డిగ్రీ లోపే నెప్ట్యూన్ దొరికింది. 1859లో బుధుడి కక్ష్యలోని తేడాకూ లెవెరియే ఇలాంటి కారణమే చెప్పాడు. సూర్యుడి దగ్గర ఉండాల్సిన ఆ గ్రహానికి వల్కన్ అని పేరు కూడా పెట్టారు. దశాబ్దాలు వెతికినా అది దొరకలేదు. శతాబ్దానికి 43 ఆర్క్ సెకన్ల ఆ తేడాను 1915లో ఐన్‌స్టీన్ సిద్ధాంతం ఏ కొత్త గ్రహమూ అక్కర్లేకుండా వివరించింది. మనిషీ అతనే, తర్కమూ అదే. ఒకటి నిలిచి మరొకటి కూలిందని చెప్పింది ఆకాశమే.

మరి జ్ఞానమంతా పరిశీలనకు లోబడాలన్న నియమం ఏ పరిశీలనలో కనబడిందని అడగవచ్చు. ఎందులోనూ కనబడలేదు. అన్నిచోట్లా వర్తిస్తుందనే ఏ నియమానికైనా ఇదే చిక్కు. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందన్న వ్యాప్తికి పూర్తి హామీ లేదని సర్వదర్శనసంగ్రహంలో చార్వాకుల వాదంగా వేదాంతి మాధవుడే రాశాడు. అందుకే పరిశీలనకు లోబడాలన్న ఈ నియమాన్ని తిరుగులేని సత్యమని నేను అనను. తప్పైతే బయటపడే దారి ఉన్న మాటనే జ్ఞానమనాలన్న షరతుగా పట్టుకుంటాను. ఇంతకన్నా బలమైన ఆక్షేపణ యోగి ప్రత్యక్షానిది: సాధన చేసినవారికి తెలిసింది, చేయనివారు ఎలా కాదంటారు? దూరదర్శిని వాడటానికీ శిక్షణ కావాలి, నిజమే. అయితే నెప్ట్యూన్‌ను చూసినవాళ్లు ఏ దేశంవారైనా, ఏ మతంవారైనా ఒకే గ్రహాన్ని చూశారు. ధ్యానంలో లోతుకు వెళ్లిన వేదాంతి నిత్యమైన ఆత్మ ఉందన్నాడు, బౌద్ధుడు లేదన్నాడు. ఆ అనుభవాల నిజాయితీని శంకించనక్కర్లేదు. వాటి అర్థం మీద తగువు వచ్చినప్పుడు ఇద్దరూ కలిసి వెళ్లి చూడగల చోటు ఏదో ఇప్పటికీ ఎవరూ చూపలేదు.