మారిన మనసు – తీరని ఋణము

మనుష్యుని శీలము ఒక్క క్షణములో తలక్రిందు కాగలదా? అయినచో, నిన్నటివాడు చేసికొన్న స్నేహములకును, పడిన ఋణములకును నేటివాడు బాధ్యుడగునా, కాడా? ఈ ప్రశ్న వేదాంతులకును న్యాయస్థానములకును మాత్రమే సంబంధించినదని మేమింతకాలము తలచియుంటిమి. అమీర్‌పేటలోని యొక హాస్టలు గదిలో, కుర్రవాండ్రాడుకొను నాటలో నిది మాకెదురుపడినది.

అమీర్‌పేట నెరుగని తెలుగు పట్టభద్రులు తక్కువ. మైత్రీవనము చుట్టుపట్ల గోడలన్నియు కంప్యూటరు కోర్సుల ప్రకటనలు, సందులన్నియు హాస్టళ్ళు. జిల్లాలనుండి వచ్చిన యువకులు ఇరుకు గదులలో నలుగురేసి చేరి, కొన్ని నెలలలో క్రొత్త విద్య నేర్చి, క్రొత్త మనుష్యులై పోవలెనని యిచ్చటికి వత్తురు. మా మేనల్లుడును అట్టివాడే. ఒక ఆదివారము సాయంకాలము వానిని చూడబోగా, మంచముల నడుమ నేలపై మిత్రులతో కూర్చుండి పాచికలు వేయుచుండెను.

ఆ యాట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు దీనిని కల్పించి 1974లో ప్రకటించిరి. ఒకడు కథ నడుపును; తక్కినవారు తలకొక పాత్ర ధరించి, ఆ పాత్ర యేమి చేయునో తామే చెప్పుదురు. సందేహమైన చోట ఇరువది ముఖముల పాచిక తీర్పు చెప్పును. ప్రతి పాత్రకును ఒక శీలము నిర్ణయింపబడియుండును. మొదట నియమము, తాటస్థ్యము, అరాజకము అని మూడే శీలములుండెడివి; పిమ్మట మంచిచెడ్డలతో వానిని గుణింపగా తొమ్మిదియైనవి. ఈ యాటకు 1979లో వెలువడిన నిబంధన గ్రంథమున ఒక మాయ శిరస్త్రాణము కలదు. దానిని తలకెత్తుకొన్నవాని శీలము తత్‌క్షణమే విపరీతమగును. ధర్మాత్ముడు దుర్మార్గుడగును, దుర్మార్గుడు ధర్మాత్ముడగును. విశేషమేమనగా, మారినవాడు తన మార్పునకు వగవడు, దానినే కోరును, వెనుకటి మనసు తిరిగి రావలెనని వానికి తోచనే తోచదు.

మా మేనల్లుని పాత్ర ఒక వీరభటుడు. ఆపన్నులను రక్షింతునని ప్రతిన పట్టినవాడు. ఆరు నెలలుగా ఆదివారమాదివారము తన జట్టును కాపాడుచు వచ్చెను. ఆనాడు ఒక పాడుకోటలో దొరకిన శిరస్త్రాణమును ధరించెను. ఆ రాత్రియే, తన గాయములు కట్టిన పూజారి నిదురించుచుండగా వాని గొంతు కోసి, మందుల సంచితో పారిపోయెను. పూజారి పాత్ర ధరించిన పిల్లవాడు కొంతసేపు మాటాడలేదు. పిదప తన కాగితమును మడచి లేచెను.

"నేనేం చెయ్యను? నా పాత్ర మారిపోయింది. మారిన పాత్రను నిజాయితీగా ఆడాను" అని మావాడు నావంక చూచెను.

"ఆరు నెలలు నా పక్కన కూర్చుని ఆడింది పాత్ర కాదురా, నువ్వు" అని యా పిల్లవాడు వెలికి పోయెను.

ఇరువురిలో నెవరిది న్యాయము? ఆట యాటయే గదా, అందులకింత బాధయేల అని కొందరనవచ్చును. అమీర్‌పేటలోనే సారథి స్టూడియో కలదు. 1959లో విడుదలైన మా ఇంటి మహాలక్ష్మి, హైదరాబాదులోనే పూర్తిగా నిర్మింపబడిన తొలి తెలుగు చిత్రమని చెప్పుదురు. అది యచ్చటనే తయారైనది. అట్టి చోట్ల నటుడు ఉదయము హత్య చేసి మధ్యాహ్నము హతునితో కలసి భోజనము చేయును. వానిని నిందించు వెర్రివాడు లేడు. నిజమే. కాని యచ్చట చచ్చువానికి తాను చచ్చుట ముందే తెలియును. చంపువాని మాట వేరొకరు వ్రాసినది. ఈ యాటలో వ్రాతయును వేషమును ఒక్కనివే. దుష్టబుద్ధిని శిరస్త్రాణమిచ్చినది, నిదురించు పూజారి మెడను ఎన్నుకొన్నది మాత్రము మావాడు. కోటలో శత్రువులు లేకపోలేదు. ఇతరుల ధనము లేకపోలేదు. ఒక్కమాట మిత్రునితో ముందుగా అనుటకు సమయము లేకపోలేదు.

అంతకంటెను ముఖ్యమైన విషయము మరియొకటి కలదు. నిబంధన వీరభటుని శీలము మారునని చెప్పినదే గాని, జ్ఞాపకము చెరిగిపోవునని చెప్పలేదు. పూజారి చేతి స్పర్శ వానికి తెలియును. వాని ధైర్యము, వాని మాటతీరు, వాని గుఱ్ఱముపై ప్రేమ ఎక్కడికిని పోవు. అవన్నియు నుండగా మనసు వేరొక దిక్కునకు తిరిగినప్పుడు కలుగు భయంకరత్వమే ఆ పాత్రలోని సారము. పాతవానిని బొత్తిగా తుడిచివేసినచో పాత్ర మారినట్లు కాదు, వేరొక పాత్ర వచ్చినట్లు. మార్పు అనుటకు మారని దేదియో మిగిలియుండవలెను.

మన కథలలో ఈ లోపము తరచుగా కనబడును. దుర్మార్గుడు తుదకు తరించెననగానే చప్పట్లు కొట్టుదుము. తెనాలి రామకృష్ణకవి పాండురంగమాహాత్మ్యములోని నిగమశర్మను తలచుకొనుడు. హితము చెప్పవచ్చిన అక్క ముక్కరను గూడ దొంగిలించి పారిపోయినవాడు. కడకు పుణ్యక్షేత్రమున ప్రాణము విడిచి సద్గతి నొందినవాడు. వానికి స్వర్గము దొరకినది. అక్కకు ముక్కర దొరకలేదు. క్షేత్రమహిమను గూర్చి ప్రవచనములు చేయు మనము ముక్కరను గూర్చి అడుగము. ఆడువారి సొమ్ము గనుకనా? మారినవాని ఆనందమునకు మనమిచ్చు విలువ, వానివలన నష్టపడినవారి దుఃఖమునకు ఈయక పోవుట మన నీతిలోని పాత జబ్బు.

ఆ రాత్రి మేనల్లుడు మమ్ము సాగనంపుచు పంజాగుట్ట వరకు నడచి వచ్చెను. అచ్చటి శ్మశానవాటిక దాపున హరిశ్చంద్రుని మాట వచ్చినది. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి నాటకములోని కాటిసీనును మన పల్లెలలో ఎన్ని తరములవారు తెల్లవారువరకు చూడలేదు! హరిశ్చంద్రునికి కిరీటము పోయినది, భార్య పోయినది, కుమారుడు పోయినాడు. వేషమంతయు మారి కాటికాపరియైనాడు. మనసు మాత్రము మారలేదు. మావాని వీరభటునికి వేషమంతయు నట్లేయున్నది; మనసొక్కటియే మారినది. అయినను రెండు పాత్రలకును ప్రాణమొక్కటే. కాటికాపరియందు రాజు కనబడుటచేతనే చూచువారు ఏడ్తురు. దుష్టునియందు వెనుకటి వీరుడు కనబడనినాడు అది వట్టి అల్లరి.

మావాడు కొంతదూరము మౌనముగా నడచి, వేరొక సంగతి యెత్తెను. లేని మూడేండ్ల అనుభవము ఉన్నట్లు పత్రము పుట్టించి యిచ్చువాడొకడు దొరకినాడట. "ఇది ఒక్కసారే మామయ్యా. ఉద్యోగం వచ్చాక అన్నీ సరిగ్గానే చేస్తాను" అనెను.

మేము వానిని గద్దింపలేదు. ఊరిలో అప్పుచేసి పంపిన తండ్రి, నెలనెలకు పెరుగు హాస్టలు బాకీ మాకు తెలియును. ఆకలిమీదనున్నవానికి నీతి చెప్పుట సులభము. వాని యాటలోని నిబంధననే వానికి జ్ఞాపకము చేసితిమి. శిరస్త్రాణమును ధరించువాడు, తీయుట తన చేతిలోని పనియే యనుకొనును. ధరించిన పిదప తీయవలెనను కోరికయే పోవును. మొదటి యబద్ధము ఉద్యోగమిచ్చును. రెండవది దానిని నిలుపుటకు కావలసివచ్చును. మూడవనాటికి అది యబద్ధమనియే తోచదు. ఆ శాపమును వ్రాసినవారు మాయను గూర్చి వ్రాసితిమనుకొనిరేమో. మాకు మాత్రము లోకానుభవమువలెనే కనబడినది.

వాడు బదులు చెప్పలేదు. కూడలివద్ద బస్సు వచ్చినది. ఎక్కుచుండగా, "ముందు వాడి దగ్గరికి పోతాను" అనెను. పూజారి పాత్ర ధరించిన మిత్రుని దగ్గరకని మేము గ్రహించితిమి. పత్రము సంగతి యడుగలేదు; వాడును చెప్పలేదు.

మారుటకు క్షణము చాలును. కావున మారితిననుట గొప్ప కాదు. చెడితిననుట సాకు కాదు. మనసు ఏ దిక్కునకు తిరిగినను, నిన్న మన ప్రక్కన కూర్చున్నవారు నేడును అచ్చటనే యున్నారు. వారికి మనమేమి బాకీపడితిమో చూచుకొనుటయే శీలమునకు మొదటి పరీక్ష.