పాపం గారి పుణ్యం

కొందరికి పేర్లు భలే అమరుతాయి. మరికొందరికి పేరు ఒక దారీ, మనిషి ఒక దారీ. ఫిలిప్పీన్స్ దేశంలో కతోలికుల పెద్దగా వెలిగిన ఒకాయన పేరు హైమే సిన్. చైనా నుంచి వచ్చి స్థిరపడిన తండ్రి తాలూకు ఇంటిపేరది. ఇంగ్లీషులో ఆ మాటకు పాపమని అర్థం. హోదా చూస్తే కార్డినల్. హోదా, పేరు కలిపి ఇంగ్లీషులో చదివితే మహాపాతకం అన్నమాట! ఆయన మాత్రం నొచ్చుకునేవారు కారు. వచ్చిన అతిథుల్ని ‘పాపం గారింటికి దయచేయండి’ అని తానే నవ్వుతూ ఆహ్వానించేవారట.

పేరు సంగతి అలా ఉంచండి. మఠాలవాళ్లకు రాజకీయాలెందుకు అన్నప్పుడల్లా నాకీయన గుర్తొస్తారు.

ఆ ప్రశ్న కొట్టిపారేయదగ్గది కాదు. దేవుడి పేరూ పోలీసు లాఠీ ఒకే చేతిలో ఉంటే ఇక అడిగే దిక్కెవరు? 1983లో సవరించిన కతోలిక చర్చి చట్టం కూడా గురువులు రాజ్యాధికారం చెలాయించే పదవులు పట్టరాదనే చెబుతుంది. బాగానే ఉంది. పదవి పట్టకూడదంటే నోరు కూడా విప్పకూడదనా? నిండు సభలో ద్రౌపది అడిగినప్పుడు భీష్ముడు ధర్మం సూక్ష్మమని ఊరుకున్నాడు. ఊరుకోవడం కూడా ఒక పక్షమే. ఎవరి పక్షమో దుశ్శాసనుడికి బాగా తెలుసు.

సిన్ 1928లో పుట్టారు. పదహారుమంది పిల్లల్లో పద్నాలుగోవారు. 1974లో మనీలా ఆర్చిబిషప్, 1976లో కార్డినల్ అయ్యారు. అప్పటికే, 1972 నుంచీ, దేశం మార్కోస్ సైనిక శాసనం కింద ఉంది. మొదట్లో ఆయన పట్టిన దారికి ‘విమర్శతో కూడిన సహకారం’ అని పేరు. అంటే మన విదురుడి దారి. కొలువును వదలడు, చెప్పాల్సింది చెప్పకా మానడు. ఆ దారి చల్లగా ఉందని విసుక్కున్నవాళ్లూ లేకపోలేదు.

1983 ఆగస్టు 21న ప్రతిపక్ష నాయకుడు బెనిగ్నో అక్వినోను మనీలా విమానాశ్రయంలో, విమానం దిగుతుండగానే కాల్చి చంపారు. 1986 ఫిబ్రవరి 7న ఎన్నికలు జరిగాయి. మార్కోస్‌తో పోటీ పడింది అక్వినో భార్య కొరజోన్. దొంగలెక్కలతో నిలబడ్డ ప్రభుత్వానికి నైతికమైన పునాది లేదని ఆ దేశపు బిషప్పులంతా కలిసి ప్రకటించారు. ఫిబ్రవరి 22న రక్షణమంత్రి ఎన్రిలే, సైన్యంలో పెద్ద అధికారి రామోస్ తిరగబడి, కొద్దిమంది సైనికులతో శిబిరంలో చిక్కుకున్నారు. ఆ రాత్రి సిన్ వెరితాస్ రేడియోలో మాట్లాడారు. ఇళ్లలోంచి బయటికి రండి, వాళ్లకు అండగా నిలవండి, తిండి తీసుకెళ్లండి అన్నారు. మఠకన్యలకు ఫోన్లు చేసి, తాను చెప్పేదాకా ఉపవాసంతో ప్రార్థన ఆపవద్దన్నారట.

ఆ రేడియో పుణ్యమా అని ఎడ్సా అనే రోడ్డు మీదికి లక్షలమంది వచ్చారు. ట్యాంకుల ముందు మఠకన్యలు జపమాలలు పట్టుకుని మోకరిల్లారు. ట్యాంకులు ఆగిపోయాయి. ఫిబ్రవరి 25 రాత్రి మార్కోస్ దేశం విడిచి వెళ్లాడు.

ఇందులో తిరకాసొకటుంది. ఆయన కాపాడమన్న ఆ ఇద్దరూ ఎవరనుకున్నారు? సైనిక శాసనాన్ని దగ్గరుండి నడిపించినవాళ్లే. నిన్న జైల్లో పెట్టించినవాళ్లకు ఇవాళ అన్నం పట్టుకెళ్లమనడం రాజకీయమా, క్షమాగుణమా? నన్నడిగితే రెండూ. అయినా ఆ పిలుపు నాకు న్యాయంగానే తోస్తుంది. ఆయన పదవి అడగలేదు. ఆయుధం పట్టమనలేదు. నెత్తురు పారబోయేచోట అడ్డం నిలబడమన్నారు, అంతే.

కథ ఇక్కడ ఆగితే సుఖంగా ఉండేది. 1998లో పేదల ఓట్లతో, భారీ ఆధిక్యంతో నెగ్గిన సినిమానటుడు ఎస్ట్రాడా లంచాల ఆరోపణల్లో చిక్కుకున్నాడు. సెనేట్‌లో విచారణ మధ్యలోనే చెడింది. 2001 జనవరిలో మళ్లీ అదే ఎడ్సాకు జనం కదిలారు. మళ్లీ అదే కార్డినల్ ముందున్నారు. జనవరి 20న ఎస్ట్రాడా భవనం ఖాళీ చేశాడు. ఏప్రిల్‌లో ఆయన్ని అరెస్టు చేస్తే, ఈసారి మురికివాడల జనం అదే రోడ్డుకు, అక్కడి మరియమాత గుడి దగ్గరికే వచ్చారు. తమ ఓటు ఏమైందని వాళ్ల బాధ. వెనక నాయకులున్న మాట నిజం. 1986 నాటి ఎన్రిలే కూడా వారిలో ఒకడు. మే 1న ఆ జనం అధ్యక్ష భవనం మీదికి వెళ్లారు. కొట్లాట జరిగింది, ప్రాణాలు పోయాయి. కార్డినల్ ఈసారి వాళ్ల పక్షాన లేరు.

ఎస్ట్రాడా మంచివాడని నేననను. 2007లో కోర్టు ఆయన్ని దోషి అనే తేల్చింది. కానీ పిలిస్తే వచ్చినవాళ్లు ప్రజలు, పిలవకుండా వచ్చినవాళ్లు మూక ఎలా అవుతారు? 1986లో తుపాకీకీ జనానికీ మధ్య తగువు. 2001లో జనానికీ జనానికీ మధ్య తగువు. మొదటిదాంట్లో మతపెద్ద ఒక పక్షం పట్టకపోతే తప్పు. రెండోదాంట్లో ఒక పక్షమే పడితే, రెండో పక్షం వాళ్లు ఏ గుడి మెట్ల మీద కూర్చుని ఏడవాలి?

సిన్ 2005 జూన్ 21న కన్నుమూశారు. ఆయన లేకపోతే 1986 ఎలా ముగిసేదో తలుచుకుంటే గుండె ఝల్లుమంటుంది. అందుకే ఆయన్ని తప్పుపట్టడానికి నోరు రాదు.

మన తెలుగులో పాపం అనే మాటకు రెండో అర్థం కూడా ఉంది. ఎదుటివాడి కష్టం చూసి ‘అయ్యో పాపం’ అంటాం. మతపెద్దకు రాజకీయాల్లోకి రావడానికి ఉన్న అనుమతి చీటీ ఆ మాటేనని నా నమ్మకం. కాకపోతే ఆ ‘అయ్యో పాపం’ మనకు ఓటెయ్యనివాడి మీద కూడా ఉండాలి. అది లేనినాడు మిగిలేది మొదటి అర్థమే.